తమ్ముడి ఫ్లాస్కు

సాయంత్రం అక్క ఇంటికి రాగానే, ఇంకా చెప్పులైనా విప్పకముందే, అమ్మ అడిగే ప్రశ్న ఒక్కటే.

“వాడు తిన్నాడా?”

“తిన్నాడమ్మా.”

“కడుపునిండా?”

“నిండా.”

ఆ మాట చెవిన పడ్డాకే అమ్మ తన కంచం ముందు కూర్చునేది. కొత్తవాళ్ళెవరైనా ఈ మాటలు వింటే, లోపలి గదిలో ఎవరో కుర్రాడు మంచం పట్టి ఉన్నాడని అనుకుంటారు. వాడు పోయి చాలాకాలమైందని చెబితే మాత్రం తల్లీకూతుళ్ళను ఎగాదిగా చూస్తారు. అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి, అక్క చెప్పేది అబద్ధం కాదు. తమ్ముడు పోయాడు గానీ తమ్ముడి కిడ్నీలోని కణాలు పోలేదు. అక్క పనిచేసే ప్రయోగశాలలో, మనిషి ఒంటి వేడి ఎంతో అంతే వేడి ఉండే అల్మారాలో, చదునైన ప్లాస్టిక్ ఫ్లాస్కుల అడుగున అతుక్కుని బతుకుతున్నాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వాటికి గులాబీరంగు ద్రవం పోసి మేపేది అక్కే. మరి తిన్నాడంటే తిన్నట్టే కదా!

బతికున్నన్నాళ్ళూ వాడు ఒక్క ఉద్యోగంలోనూ కుదురుగా నిలిచిన పాపాన పోలేదు. చేరిన చోటల్లా నాలుగు జోకులు వేసి, నలుగురినీ నవ్వించి, బయటికి వచ్చేసేవాడు. జబ్బు చేసి ఒక కిడ్నీ తీసేయాల్సి వచ్చినప్పుడు, దాన్ని పరిశోధనకి ఇస్తారా అని డాక్టరు అడిగాడు. వాడు మంచంమీదే పకపకా నవ్వాడు.

“అమ్మా, విన్నావా? నాకు రాని ఉద్యోగం నా కిడ్నీకి వచ్చిందే!”

సంతకం పెట్టాడు. తర్వాత వాడు ఎక్కువకాలం లేడు. కిడ్నీ మాత్రం ఉద్యోగంలో చేరిపోయింది, మానేయకుండా చేస్తూనే ఉంది. ఎవరికి తెలుసు, ఇదే మొదట వచ్చి ఉంటే వాడు బాగుపడేవాడేమో.

ఉద్యోగం ఏమిటంటారా? వైరస్ ఒంటిమీద ఒక చొక్కా ఉంటుంది. ప్రొటీన్లతో నేసిన చొక్కా. దాని సాయంతోనే అది మన కణం తలుపు పట్టుకుని లోపలికి దూరుతుంది. ఆ చొక్కా ఎలా కుట్టాలో మాత్రం తమ్ముడి కణాలకు నేర్పారు. అవి కుట్టి తొడుక్కుంటాయి. లోపల వైరస్ లేదు, జబ్బు లేదు. దొంగ లేడు, దొంగ చొక్కా మాత్రం ఉంది. జబ్బు పడి లేచినవాళ్ళ రక్తంలో యాంటీబాడీలుంటాయి కదా, అవి ఆ చొక్కాను చూసి పట్టుకుంటాయా లేదా అన్నదే పరీక్ష. పట్టుకుంటే, వాటికి అంటించిన రంగువల్ల, చీకటిగదిలో మైక్రోస్కోపు కింద ప్రతి కణం చుట్టూ ఆకుపచ్చని అంచు వెలుగుతుంది. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా అక్కకు బయటి ప్రపంచం గుర్తుండేది కాదు. నల్లటి నీళ్ళలో దీపాలు తేలుతున్నట్టు, ఆ దీపాల మధ్యలో తను మెల్లగా నడుస్తున్నట్టు ఉండేది. ‘ఎంత వెలుగుతున్నావురా నువ్వు!’ అనుకునేది. కళ్ళు చెమర్చేవి.

ఫ్లాస్కుమీద ఆమె రాసే పేరు “తమ్ముడు”. అసలు పేరేదో అంకెలతో ఉంది గానీ దాన్ని ఎవరూ పలకరు. ఆమె అలా పిలుస్తుండగా విని, ప్రయోగశాలలో అందరూ ఆమెను అక్క అనడం మొదలుపెట్టారు. ఆమెకన్నా వయసులో పెద్దదైన, ప్రయోగశాల నడిపే పెద్దమేడమ్‌తో సహా.

అదే అల్మారా కింది అరలో ఇంకో జాతి ఉండేది. వాటిని అందరూ మొండిఘటాలు అనేవాళ్ళు. లోకంలో ఏ ప్రయోగశాలలో చూసినా అవే. ఒక పూట మేత మరిచిపోయినా చావవు, నాలుగు మిగిలితే చాలు, మళ్ళీ ఫ్లాస్కంతా నిండిపోతాయి. పోల్చి చూడటానికి వాటిచేత కూడా వైరస్ చొక్కా కుట్టించారు. కుట్టాయి లెండి. కాకపోతే గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నట్టు, మడతలు సరిగా పడవు. యాంటీబాడీలు వచ్చి తడుముకుని, అనుమానంగా అటూ ఇటూ చూసి, సగంసగం పట్టుకుంటాయి. తమ్ముడి చొక్కా మాత్రం దొంగ ఒంటిమీద ఉన్నట్టే ఉంటుంది. అందుకే వాడికి అంత విలువ.

రెండు జాతుల్నీ ఒకే చోట పెంచేటప్పుడు ఒక నియమం ఉంది. ముందు నాజూకువాళ్ళు, తర్వాత బల్ల తుడుచుకుని మొండివాళ్ళు. రెండు మూతలు ఒకేసారి తెరవకూడదు, ఒకరి మేత సీసా ఇంకొకరికి వాడకూడదు. మొండిఘటం ఒక్క బొట్టులో ఎగిరి పక్క ఫ్లాస్కులో పడితే, కొన్నాళ్ళకు అసలువాళ్ళు ఉండరు, అంతా వాళ్ళే. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ అక్క ఈ నియమాన్ని నూరిపోసేది. అలాంటి అక్కే తప్పు చేసిందంటే నమ్ముతారా? చేసింది. అదీ ప్రేమకొద్దీ.

అమ్మ ఒకటే పోరు పెట్టింది. “ఒక్కసారి చూపించవే. దూరంనుంచే చూస్తా.” పెద్దమేడమ్ ఒప్పుకుంది. కానీ అమ్మ వచ్చిన రోజునే తమ్ముడు నీరసంగా ఉన్నాడు. ముందురోజే కొత్త ఫ్లాస్కులోకి మార్చారు, అడుగున అక్కడొకటి, అక్కడొకటి, అంతా ఖాళీ. అమ్మ కారిడార్‌లో కుర్చీలో కూర్చుని, దువ్వుకున్న జుట్టును మళ్ళీ సర్దుకుంటోంది. అక్క ఫ్లాస్కు పట్టుకుని చూసింది. ‘ఇలాంటివాణ్ణి అమ్మకు ఎలా చూపించను? చిక్కిపోయాడని ఇంటికెళ్ళి ఏడుస్తుంది.’

కింది అర తెరిచింది. మొండిఘటాలు నిండుగా, ఒకరి భుజానికొకరు ఆనుకుని, కళకళలాడుతున్నాయి. ఆ ఫ్లాస్కు తీసింది. అమ్మ ఫ్లాస్కుమీది పేరు చదువుతుందని తెలుసు. దానిమీద మార్కరుతో “తమ్ముడు” అని రాసింది. అమ్మ వెళ్ళగానే స్పిరిట్‌తో తుడిచేయవచ్చు, ఎంతసేపు!

లోపలికి పిలవగానే అమ్మ ముందు పేరు చదివింది. తర్వాత మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది. కన్ను తీయకుండా చాలాసేపు చూసింది.

“ఎంతమంది ఉన్నాడే!” అంది చివరికి. “బొద్దుగా ఉన్నాడు. నువ్వు బాగా చూసుకుంటున్నావు.”

అలా అని, మైక్రోస్కోపు కేసి చెయ్యి ఊపింది. రైలు కదిలేటప్పుడు ఊపుతామే, అలా. తర్వాత లేవబోయి, కళ్ళు తిరిగి కూలబడింది. గొడవ, పరుగులు. అక్క మైక్రోస్కోపు కిందున్న ఫ్లాస్కును తీసి అందిన అరలో, తమ్ముడి పక్కనే పెట్టేసి, అమ్మను తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. పెద్ద ప్రమాదమేమీ కాదు గానీ అమ్మను కొన్నాళ్ళు అక్కడే ఉంచారు. అక్క కూడా అక్కడే ఉంది.

ఈలోగా అక్కకు బదులు పక్కబల్ల దగ్గర పనిచేసే కళ్ళద్దాలాయన అల్మారా చూసుకున్నాడు. “తమ్ముడు” అని రాసి రెండు ఫ్లాస్కులున్నాయి. ఒకటి కళకళలాడుతోంది, ఇంకొకటి కాస్త వెలవెలబోతోంది. బాగున్నదాన్ని ఉంచి, బాగులేనిదాన్ని తీసేశాడు. ఎవరైనా అదే చేస్తారు, ఆయన్ని అనడానికేం లేదు. అక్క తిరిగి రాగానే గుమ్మంలోనే ఎదురొచ్చి, “అక్కా, మీ తమ్ముడు పుంజుకున్నాడండోయ్!” అన్నాడు. అక్క ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క క్షణం మనసులో ఏదో కదిలింది. అది ఏమిటో ఆమె అడగలేదు, అదీ చెప్పలేదు. ఆ కదిలింది కాస్తా పక్కకు తిరిగి పడుకుంది. పుంజుకున్నాడన్న మాట ఎంత తియ్యగా ఉందో మరి.

కాలం అలా గడిచింది. ఆ ఫ్లాస్కులోంచే కొత్త ఫ్లాస్కులు నింపింది. మంచుపొగలు కక్కే నైట్రోజన్ డబ్బాలో గడ్డకట్టించి దాచే సీసాలూ వాళ్ళతోనే నింపింది. రోజూ మేపింది, రోజూ ఇంటికొచ్చి తిన్నాడని చెప్పింది. చీకటిగదిలో ఆకుపచ్చ అంచులు మసకేశాయి. రంగు పాతబడిందనుకున్నారు, దీపం బల్బు మార్చారు. పెద్దమేడమ్‌కు మాత్రం అనుమానం వచ్చింది. కణాలు ఎవరివో చెప్పే పరీక్షకు పంపించింది.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం అక్కను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

“కూర్చో.”

“పరవాలేదు మేడమ్.”

“కూర్చోమన్నానా! ఇది నీ తమ్ముడు కాదు. మొండిఘటం. నూటికి నూరుపాళ్ళూ.”

అక్క కూర్చుంది. పక్కకు తిరిగి పడుకున్నదేదో అప్పుడు లేచింది. కారిడార్‌లో అమ్మ, మార్కరు, చెయ్యి ఊపడం, తుడవని పేరు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందుకొచ్చాయి. ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

“ఇన్ని పరీక్షలు గంగపాలు చేశావు కదే తల్లీ!” అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. “పైవాళ్ళకు నేను చెప్పుకుంటాలే. ముందు ఇది చెప్పు. వాడు ఎక్కడైనా మిగిలాడా?”

మిగిలాడు. నైట్రోజన్ డబ్బా అట్టడుగున ఒకే ఒక్క చిన్న సీసా. అక్క తన చేత్తో మొట్టమొదట నింపినవాటిలో ఆఖరిది. మిగతావన్నీ పరీక్షలకు వాడేశారు, దీన్ని వాడటానికి ఆమెకు మనసొప్పలేదు. కానీ పాతది. అప్పట్లో చెయ్యి తిరగలేదు, గడ్డకట్టించేటప్పుడు తొందరపడిందేమో కూడా. కరిగిస్తే లోపలివాళ్ళు లేస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. లేవకపోతే ఇక తమ్ముడు లేడు. లోకంలో ఎక్కడా లేడు. కరిగించనంతకాలం మాత్రం ఉన్నాడు.

“నీ ఇష్టం. నేను తొందరపెట్టను” అంది పెద్దమేడమ్.

ఆ సాయంత్రం అమ్మ మామూలుగానే అడిగింది. అక్క “తిన్నాడమ్మా” అంది. ఫ్లాస్కు మారినప్పటినుంచీ ఎన్నోసార్లు అదే మాట అంది, అవన్నీ తెలియని అబద్ధాలు. ఇది తెలిసిన అబద్ధం. అమ్మ ఏమీ గమనించలేదు, నెమ్మదిగా భోంచేసింది.

అక్క సీసాను కరిగించలేదు. రేపు, రేపు అనుకుంటూ వాయిదా వేసింది. మొండిఘటాల మీద మాత్రం ఆమెకు చెప్పలేనంత కోపం వచ్చింది. మోసగాళ్ళు! తన తమ్ముడి మంచంమీద పడుకుని, తన తమ్ముడి తిండి తిన్న దొంగలు! వాటి వంక చూడటమే మానేసింది. ఆకలేస్తే మేత రంగు మారుతుంది. గులాబీరంగు పోయి నారింజ, అదీ పోయి పసుపుపచ్చ. పసుపుపచ్చబడ్డా ఆమె వాటి మూత తెరవలేదు.

ఒక మధ్యాహ్నం అల్మారా ఎదుట ముక్కాలిపీటమీద కూర్చుని, దాని గాజుతలుపుకు తల ఆనించింది. లోపలి వెచ్చదనం చెంపకు తగులుతోంది. సన్నగా ఏదో హోరు, దూరంగా ఎవరో గాజుగొట్టాలు కడుగుతున్న చప్పుడు. కళ్ళు మూతపడ్డాయి. కళ్ళు మూసుకున్నా గది గదిలాగే ఉంది, కాకపోతే అంతా గులాబీరంగు నీళ్ళతో నిండి ఉంది. కుర్చీలూ కాగితాలూ మెల్లగా తేలుతున్నాయి. ఎదుటి బల్లమీద తమ్ముడు కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు. ఒంటిమీద చొక్కా లేదు, భుజాలు ముడుచుకున్నాడు.

“ఏరా, చొక్కా ఏది?”

“కింది అరవాళ్ళు వేసుకున్నారుగా. పోనీలే, వాళ్ళకీ చలేస్తుంది కదా.” వాడు నవ్వాడు, పళ్ళు టకటకమన్నాయి. “కానీ అక్కా, నేనున్నచోట మరీ చలిగా ఉందే. ఎంతసేపని కూర్చోబెడతావు? లేస్తానో లేవనో, ఒకసారి పిలిచి చూడవచ్చు కదా!”

ఉలిక్కిపడి లేచింది. చెంపమీద గాజు అచ్చు పడింది. ఇంకేం ఆలోచించలేదు. మందపాటి చేతొడుగులు వేసుకుని, తెల్లటి పొగలో చెయ్యి పెట్టి, అడుగునున్న సీసా తీసింది. గోరువెచ్చని నీళ్ళలో పట్టుకుని మెల్లగా ఆడించింది. రాయిలా ఉన్న మంచు గింజంత అయ్యేవరకూ ఊపిరి బిగబట్టింది. మేత పోసి, కొత్త ఫ్లాస్కులో పడుకోబెట్టి, బతిమాలుతున్నట్టు మూత బిగించింది. “లేవరా. ఉద్యోగానికి వేళైంది, లేవరా” అంది పైకే. పక్కబల్ల కళ్ళద్దాలాయన విననట్టు నటించాడు. మంచివాడు పాపం.

సాయంత్రం మైక్రోస్కోపులో చూస్తే, అంతా తేలుతున్నవాళ్ళే. తేలేవాళ్ళు పోయినవాళ్ళు. బతికినవాళ్ళు అడుగున అతుక్కుంటారు, దానికి మర్నాటిదాకా ఆగాలి.

ఇంటికొచ్చింది. చెప్పులు విప్పబోయింది. అమ్మ తలెత్తింది.

“వాడు తిన్నాడా?”

అక్క గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే మొత్తం చెప్పింది. చిక్కిపోయిన తమ్ముణ్ణి దాచి మొండిఘటాలను చూపించడం, పేరు తుడవకపోవడం, ఇన్నాళ్ళూ ఎవరినో మేపడం, ఆఖరి సీసా, తేలుతున్నవాళ్ళు. అమ్మ కదలకుండా వింది. ఆమె ముఖం చూడాలంటే అక్కకు భయమేసింది.

“అయితే ఆవేళ నేను చెయ్యి ఊపింది వాడికి కాదా?” అంది అమ్మ.

“కాదమ్మా.”

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదిరాయి. వాడు పోయిన రోజు కూడా ఆమె ఇలాగే ఏడ్చింది, చప్పుడు లేకుండా. కిటికీలోంచి వస్తున్న ఎండ నేలమీదనుంచి గోడమీదికి పాకేదాకా తల్లీకూతుళ్ళు అలాగే ఉన్నారు. తర్వాత అమ్మ ముఖం తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగింది.

“మరి వాళ్ళెవరు?”

“ఎవరు?”

“నేను చూసినవాళ్ళు. బొద్దుగా, అంతమంది ఉన్నారే, వాళ్ళు.”

“ఎవరోనమ్మా. నేను పుట్టకముందు, ఎక్కడో ఎవరి ఒంట్లోంచో తీశారు. మా దగ్గర ఉన్నది ఒక అంకె. పేరు ఎవరికీ తెలీదు.”

“తల్లి ఉండే ఉంటుంది కదా.”

“ఉండే ఉంటుంది.”

“అడగడానికి ఆవిడకి నీలాంటి కూతురు లేదు కాబోలు, పాపం.” అమ్మ కాసేపు తన చేతివైపు చూసుకుంది, ఊపిన చేతివైపు. “ఇవాళ వాళ్ళకి పెట్టావా?”

అక్క తల వంచుకుంది. “లేదు. వాళ్ళమీద కోపమొచ్చింది.”

“ఓసి నీ కోపం మండిపోను!” అమ్మ గొంతు ఇల్లంతా మోగింది. “తప్పు నువ్వు చేసి వాళ్ళ కడుపు మాడుస్తావా? వాళ్ళేమైనా పిలవకుండా వచ్చారా? నువ్వే కదే చెయ్యి పట్టుకుని తెచ్చి, నా బిడ్డ పేరు పెట్టి కూర్చోబెట్టావు! ఇన్నాళ్ళూ వాడు తిన్నాడని చెబితే నేను తిన్నాను. తిన్నది వాళ్ళు. వాళ్ళు తింటేనే కదా నేను తిన్నది!”

ఆ రాత్రి ఇద్దరూ ఏమీ తినకుండానే పడుకున్నారు.

మర్నాడు అందరికన్నా ముందే వెళ్ళింది. ఫ్లాస్కు మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించడానికి భయపడి, కాసేపు గోడవంక చూస్తూ నిలబడింది. తర్వాత చూసింది. ఖాళీ. పక్కకు జరిపింది. ఖాళీ. ఇంకాస్త జరిపింది. మూలన, అంచుకు ఆనుకుని, ఒక చిన్న గుంపు. అడుగున అతుక్కుని ఉన్నారు. అందులో ఒకడు కాళ్ళు బారచాపుకుని మరీ పడుకున్నాడు. ఎవరి పోలికో ఆమెకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

“పొద్దెక్కినా లేవవన్నమాట, వెధవా” అంది. నవ్వింది, కళ్ళనీళ్ళు కారిపోయాయి.

నియమం నియమమే. ముందు తమ్ముడికి మేత మార్చింది, కొంచెంకొంచెంగా, అదరగొట్టకుండా. మూత బిగించి, లోపల పెట్టి, బల్ల శుభ్రంగా తుడిచింది. అప్పుడు పసుపుపచ్చబడ్డ ఫ్లాస్కులు తీసింది. మొండిఘటాలు సగానికి సగం పోయారు, మిగతావాళ్ళు నీరసంగా అడుగును పట్టుకుని ఉన్నారు. పాత మేత తీసేసి, కొత్తది నిండుగా పోసింది. స్పిరిట్‌తో “తమ్ముడు” అన్న పేరు తుడిచింది. మార్కరు పట్టుకుని, ఏం రాయాలో తెలియక కాసేపు ఆగి, వాళ్ళ అంకె వేసి, దాని పక్కన “అమ్మ చూసినవాళ్ళు” అని రాసింది.

సాయంత్రం తలుపు తీసేసరికి అమ్మ కిటికీ దగ్గరే ఉంది. కంచాలు రెండూ బోర్లించే ఉన్నాయి.

“ఇద్దరూ తిన్నారా?” అంది అమ్మ.

అక్క ఆ మాట విని చెప్పులు విప్పడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

“తిన్నారమ్మా. వాళ్ళు ఆవురావురుమని తిన్నారు. వాడు… కొంచెం. కొంచెమే ముట్టుకున్నాడు.”

అమ్మ గుండెమీద చెయ్యి వేసుకుంది. తర్వాత లేచి, కంచాలు తిరగేస్తూ అంది.

“వాడు ఎప్పుడూ అంతేనే. పక్కవాళ్ళు తిన్నారో లేదో చూసుకుని గానీ తన కంచంలో చెయ్యి పెట్టడు.”

తర్వాత ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు.